నిలకడగల కెమెరా: వనపర్తి నుండి పాలెం వరకు

మహబూబ్‌నగర్, నల్లగొండ ప్రాంతాలలో ప్రయాణం చేసేవారికి దారికి ఇరుప్రక్కలా రాతిగుట్టలు కనిపిస్తాయి. వాటిలో కొన్ని, గుండుమీద గుండు పేర్చినట్లు ఉంటాయి. ఏనుగంత బండ ఒకటి, క్రింది రాతిమీద చాటంత మేర మాత్రమే ఆని నిలబడి ఉంటుంది. చూసేవారికి అది ఏ క్షణాన దొర్లిపడుతుందో అనిపిస్తుంది. కాని ఎన్నో తరాలవారు దానిని అక్కడే చూశారు; గాలివానలు దానిని కదిలించలేకపోయాయి. ఇందులో వింత లేదు. ప్రతి వస్తువులోను దాని బరువంతా కేంద్రీకరించి ఉన్నదా అనిపించే బిందువు ఒకటి ఉంటుంది. దానిని గరిమనాభి అంటారు. ఆ బిందువు నుండి నిట్టనిలువుగా క్రిందికి గీసిన గీత, వస్తువు ఆనిన చోటిలోపలనే పడినంతకాలం వస్తువు నిలిచి ఉంటుంది. గీత ఆ చోటు దాటి వెలుపల పడిన మరుక్షణం వస్తువు పడిపోతుంది.

బల్లమీద పెట్టిన కెమెరాకు కూడా ఇదే సూత్రం వర్తిస్తుంది. చిన్న కటకం ఉన్న కెమెరా బల్లమీద చక్కగా కూర్చుంటుంది. దానికే పొడవైన, బరువైన కటకం తగిలిస్తే ముందుకు ముక్కు వాలుస్తుంది. చేతితో నిలబెట్టినా సన్నగా వణుకుతూనే ఉంటుంది. చంద్రుడినో, గ్రహణాన్నో ఫోటో తీయదలచినవారికి ఈ వణుకు పెద్ద శత్రువు.

ఈ శత్రువుతో ఖగోళశాస్త్రజ్ఞులు నూట డెబ్బది సంవత్సరాలకు పైగా పోరాడుతున్నారు. ఆ పోరాటంలోని రెండు ఘట్టాలకు మన పాలమూరు నేలతో సంబంధం ఉన్నది. ఒకటి 1868లో వనపర్తిలో, రెండవది 1980లో పాలెంలో జరిగాయి. ఈ రెండు ఊళ్లమధ్య దూరం 30 కిలోమీటర్లకు మించదు. చంద్రుని నీడ ఇంత దగ్గరగా ఉన్న రెండు చోట్లను నూట పదకొండున్నర సంవత్సరాల వ్యవధిలో రెండుసార్లు తాకటం అరుదైన విషయమే.

చిన్న కదలిక, పెద్ద నష్టం

చరిత్రలోకి వెళ్లేముందు ఒక చిన్న లెక్క చూద్దాం. దూరాన ఉన్న వస్తువు ప్రతిబింబం కటకానికి ఎంత దూరాన స్పష్టంగా ఏర్పడుతుందో ఆ దూరాన్ని నాభ్యంతరం అంటారు. సామాన్యమైన కెమెరాలో ఇది 50 మిల్లీమీటర్లు. ఆకాశాన్ని చూసే పొడవైన కటకంలో ఇది 1000 మిల్లీమీటర్లు, అంటే ఒక మీటరు ఉండవచ్చు. సూర్యచంద్రుల ప్రతిబింబం వ్యాసం నాభ్యంతరంలో ఇంచుమించు నూట పదవ వంతు ఉంటుంది. కనుక 50 మిల్లీమీటర్ల కటకంతో తీస్తే చంద్రుడు అర మిల్లీమీటరు చుక్కగానే పడతాడు. 1000 మిల్లీమీటర్ల కటకంతో తీస్తే 9 మిల్లీమీటర్ల బింబంగా పడతాడు. అందుకే పొడవైన కటకం కావాలి.

కాని ప్రతిబింబాన్ని ఇరవై రెట్లు పెంచిన కటకం వణుకును కూడా ఇరవై రెట్లు పెంచుతుంది. ఒక డిగ్రీని అరవై భాగాలు చేస్తే ఒక్కొక్క భాగాన్ని కళ అంటారు. కళను మళ్లీ అరవై భాగాలు చేస్తే ఒక్కొక్కటి వికళ. కెమెరా ఒక్క కళ మేర ఒరిగినదనుకోండి. చిన్న కటకంలో ప్రతిబింబం మిల్లీమీటరులో డెబ్బదవ వంతు మాత్రమే జరుగుతుంది. దానిని ఎవరూ గుర్తించలేరు. పెద్ద కటకంలో అది 0.29 మిల్లీమీటరు జరుగుతుంది. చంద్రుని మీది గుంటలన్నీ అలుక్కుపోతాయి.

బొమ్మ స్పష్టంగా ఉండాలంటే ప్రతిబింబం 0.03 మిల్లీమీటరు కన్నా ఎక్కువ జరుగకూడదని అనుకుందాం. ఒక మీటరు నాభ్యంతరానికి ఇది 6 వికళల కోణం. కెమెరాను నిలిపిన చోటు నుండి కటకపు ముందు అంచు 30 సెంటీమీటర్ల దూరాన ఉంటే, ఆ అంచు మిల్లీమీటరులో నూరవ వంతు కదిలినా ఈ హద్దు దాటిపోతుంది. మన తలవెంట్రుక మందంలో అది ఇంచుమించు ఏడవ వంతు! బల్లమీద మోచేయి మోపితే చాలు, అంతకన్నా ఎక్కువ కదలిక కలుగుతుంది.

ఇది చాలక భూమి కూడా తిరుగుతున్నది. ఆకాశం మనకు సెకనుకు 15 వికళల చొప్పున జరుగుతున్నట్లు కనబడుతుంది. కనుక కెమెరా రాయివలె కదలక ఉన్నా, అర సెకను దాటిన ఫోటోలో ఈ కటకంతో తీసిన బింబం మసకబారుతుంది. ఖగోళ ఫోటోగ్రాఫరుకు రెండు పనులున్నాయన్నమాట: కదలకూడని విధంగా కెమెరా కదలకుండా చూడటం, కదలవలసిన విధంగా దానిని నెమ్మదిగా కదిలించటం.

గ్రహణం బొమ్మ

1851 జూలై 28న సంపూర్ణ సూర్యగ్రహణం బొమ్మను మొదటిసారి స్పష్టంగా తీశారు. ప్రష్యాలోని కోనిగ్స్‌బర్గ్ వేధశాలలో బెర్కోవ్‌స్కీ అనే ఫోటోగ్రాఫరు వెండిపూత రేకుమీద ఆ బొమ్మ తీశాడు. దానికి 84 సెకన్ల సేపు కాంతి సోకనివ్వవలసి వచ్చింది. అంతసేపు సూర్యుని అనుసరిస్తూ దూరదర్శిని వణకకుండా జరగటమే ఆనాటి విజయం.

తరువాత 1860 జూలై 18న స్పెయిన్ దేశంలో రెండు వేరువేరు చోట్ల నుండి వారెన్ డి లా రూ, ఫాదర్ సెక్కీ గ్రహణం ఫోటోలు తీశారు. గ్రహణవేళ సూర్యుని అంచున కనిపించే ఎర్రని జ్వాలలు సూర్యునివా, చంద్రునివా అన్న వివాదం ఆనాటికి తెగలేదు. రెండుచోట్ల తీసిన ఫోటోలు పోల్చిచూస్తే జ్వాలల రూపం ఒకటిగానే ఉన్నది. చంద్రబింబం వాటిని క్రమంగా కప్పుతూ పోయినట్లు తేలింది. జ్వాలలు సూర్యునివేనని నిర్ధారణ అయినది. ఫోటోలు అలుక్కుపోయి ఉంటే ఈ పోలికే సాధ్యమయ్యేది కాదు. నిలకడ అనేది అందం కోసం కాదనీ, సత్యనిర్ణయానికి అదొక సాధనమనీ దీనివల్ల తెలుస్తున్నది.

1868: వనపర్తి, గుంటూరు

1868 ఆగస్టు 18న వచ్చిన సంపూర్ణ గ్రహణం శాస్త్ర చరిత్రలో చాలా ప్రసిద్ధమైనది. చంద్రుని నీడ దక్కను పీఠభూమిని దాటి, కృష్ణానది ప్రాంతం మీదుగా సాగి, మచిలీపట్నం వద్ద సముద్రంలో ప్రవేశించింది. మద్రాసు వేధశాల అధికారి నార్మన్ పాగ్‌సన్ మచిలీపట్నంలో మకాం వేశాడు. అదే వేధశాలలో పనిచేస్తున్న చింతామణి రఘునాథాచారి మరొక బృందంతో నిజాం రాజ్యంలోని వనపర్తికి వచ్చాడు. ఈయన తరువాత 1872లో లండనులోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీకి సభ్యుడయ్యాడు. 1874లో శుక్రుడు సూర్యబింబాన్ని దాటిన సందర్భంలో సామాన్యులకు ఆ విషయం తెలియజేయటానికి చిన్న పుస్తకం వ్రాశాడు. విజ్ఞానాన్ని దేశభాషలలో చెప్పాలన్న తలంపు మన దేశంలో ఎంత పాతదో దీనివల్ల తెలుసుకోవచ్చు.

గుంటూరులో రెండు బృందాలు ఉన్నాయి. ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు జాన్సెన్ వర్ణపటదర్శినితో జ్వాలల కాంతిని పరీక్షించి, గ్రహణం లేని మరునాడు కూడా ఆ కాంతిరేఖలను చూడగలిగాడు. హీలియం మూలకం కనుగొన్న కథ ఆ గ్రహణం నాటి పరిశీలనలతోనే మొదలవుతుంది. ఆంగ్లేయ సైనికాధికారి టెనెంట్ నాయకత్వాన వచ్చిన రెండవ బృందం ఫోటోలు తీసే పని చేపట్టింది. వారి సాధనం 9 అంగుళాల వెండిపూత అద్దం గల దూరదర్శిని.

ఆ రోజులలో ఫోటో తీయటం ఎంత కష్టమో నేటి విద్యార్థులు ఊహించలేరు. గాజుపలకమీద కొలోడియన్ అనే జిగురుద్రవం పూసి, వెండి నైట్రేటు ద్రావణంలో ముంచి, పలక తడి ఆరకముందే దూరదర్శినికి తగిలించాలి. మూత తీసి, కొన్ని సెకన్లు కాంతి సోకనిచ్చి, మూత వేసి, తడి ఆరకముందే చీకటి డేరాలో కడగాలి. సంపూర్ణ గ్రహణం అక్కడ అయిదు నిమిషాలకు కొంచెం పైగా ఉన్నది. ఆ వ్యవధిలో వారు ఆరు పలకలు తీయగలిగారు. ప్రతి పలకనూ తగిలించినప్పుడూ, ఊడదీసినప్పుడూ దూరదర్శిని అదురుతుంది. అదురు అణగేవరకు ఆగాలి. గడియారం మాత్రం ఆగదు. అయిదు నిమిషాలకు ఆరు పలకలే ఎందుకు అంటే, ఎక్కువ కాలం పోయింది కాంతిని పట్టటానికి కాదు, పలకలు మార్చటానికీ అదురు తగ్గటానికీ.

వేగిరపాటు ఎంత నష్టం తెస్తుందో ఇందులో ఉన్నది. పది పలకలు తీసి పదీ చెడగొట్టుకోవటం కన్నా ఆరు తీసి వాటిని చూడదగినట్లు ఉంచుకోవటం మేలు. గ్రహణం తీయబోయేవారు నేటికీ ఈ నియమాన్నే పాటిస్తున్నారు.

బేగంపేటలోని గాజుపలకలు

గ్రహణం కొద్ది నిమిషాల పని. ఏళ్ల తరబడి ప్రతిరాత్రీ కెమెరాను నిలకడగా ఉంచవలసిన పని హైదరాబాదులో జరిగింది. 1901లో నవాబు జాఫర్ జంగ్ ఇంగ్లండు నుండి దూరదర్శినులు తెప్పించి వేధశాల స్థాపించాడు. అదే నిజామియా వేధశాల. తరువాత అది ప్రభుత్వం చేతికి వచ్చి బేగంపేటకు మారింది. 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైనది.

అప్పటికే ఆకాశమంతటినీ ఫోటోలు తీసి నక్షత్రాల పట్టిక తయారుచేయాలని ప్రపంచంలోని వేధశాలలు కొన్ని ఒప్పందం చేసుకున్నాయి. ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. దక్షిణాన 17 డిగ్రీల నుండి 23 డిగ్రీల వరకు ఉన్న పట్టీ హైదరాబాదు వంతుకు వచ్చింది. జర్మనీలోని పాట్స్‌డాం వేధశాల పూర్తిచేయలేకపోయిన ఉత్తరపు పట్టీలో కొంత భాగం కూడా తరువాత హైదరాబాదుకు అప్పగించబడినది. 8 అంగుళాల కుక్ కంపెనీ కెమెరా దూరదర్శినితో పోకాక్, ఆయన తరువాత టి.పి. భాస్కరన్, అటు తరువాత అక్బర్ అలీ ఈ పనిని నడిపించారు. పన్నెండు సంపుటాలలో ఏడు లక్షల అరవై వేలకు పైగా నక్షత్రాల స్థానాలు అచ్చయినాయి.

ఈ పథకంలో ఫోటో పలకమీద ఒక మిల్లీమీటరు ఆకాశంలో ఒక కళకు సమానం. నక్షత్రం స్థానాన్ని కళలో చిన్న భాగం వరకు కొలవాలి. అంటే మిల్లీమీటరులో చిన్న భాగం మేర కూడా కెమెరా తప్పుదారి పట్టకూడదు. అందుకు శాస్త్రజ్ఞులు మూడు ఏర్పాట్లు చేసుకుంటారు. మొదటిది, దూరదర్శినిని గది నేలమీద గాక భూమిలోతు నుండి కట్టిన దిమ్మెమీద నిలుపుతారు. దిమ్మె గది నేలను తాకదు. కనుక మనిషి నడకవల్ల కలిగే అదురు కెమెరాను చేరదు. రెండవది, దూరదర్శిని తిరిగే ఇరుసుకు రెండవవైపు సరితూకపు దిమ్మ బిగిస్తారు. అప్పుడు ఎంత బరువైన గొట్టమైనా వ్రేలితో తోస్తే తిరుగుతుంది, వదిలితే ఉన్నచోటనే నిలుస్తుంది. మూడవది, గడియారపు యంత్రం భూభ్రమణానికి సరిపోయేటట్లు దానిని త్రిప్పుతుంది. పరిశీలకుడు ప్రక్కనున్న మరొక దూరదర్శినిలో ఒక నక్షత్రాన్ని దారపు గీతలమధ్య ఉంచుతూ కావలి కాస్తాడు.

వేరు దిమ్మె, సరితూకం, ఓపికగల కావలి: ఈ మూడింటిలో ఏదీ గొప్ప ఖరీదైన రహస్యం కాదు. బావికి ఏతం కట్టి, ఒకవైపు బానకు మరొకవైపు బరువు సరిచేసిన మన రైతుకు సరితూకం కొత్త కాదు.

1980: పాలెం

1980 ఫిబ్రవరి 16, శనివారం మధ్యాహ్నం చంద్రుని నీడ కర్ణాటకలోని అంకోలా తీరాన భారతభూమిని తాకింది. రాయచూరు, మహబూబ్‌నగర్, నల్లగొండ, ఖమ్మం ప్రాంతాల మీదుగా ఈశాన్యంగా సాగి ఒరిస్సాలోని పూరీ వద్ద సముద్రం చేరింది. మన ప్రాంతంలో మధ్యాహ్నం మూడుముప్పావు గంటల సమయాన రెండు నిమిషాలకు పైగా సూర్యుడు పూర్తిగా కనుమరుగయ్యాడు. ఆనాడు భయంచేత తలుపులు మూసుకొని ఇళ్లలోనే ఉండిపోయినవారు ఎందరో. దేశంలో చాలా పట్టణాల వీధులు నిర్మానుష్యమయ్యాయి. మన నెత్తిమీదుగా పోయిన అరుదైన దృశ్యాన్ని మనలో చాలామంది చూడకుండానే పోగొట్టుకున్నారు.

కాని దూరదేశాల శాస్త్రజ్ఞులు దానికోసం వెతుక్కుంటూ వచ్చారు. ఉస్మానియా విశ్వవిద్యాలయం వారి జపాల్-రంగాపూర్ వేధశాల సంపూర్ణ గ్రహణ మార్గంలోనే ఉన్నది. 48 అంగుళాల దూరదర్శిని గల ఆ వేధశాలకు అనేక బృందాలు చేరాయి. మహబూబ్‌నగర్ జిల్లాలో, నేటి నాగర్‌కర్నూలు జిల్లాలో ఉన్న పాలెం గ్రామంలో అమెరికా బృందం ఒకటి కెమెరాను నిలిపింది. బౌల్డరు నగరంలోని హై ఆల్టిట్యూడ్ అబ్జర్వేటరీ, మెంఫిస్ నగరంలో నేడు రోడ్స్ కళాశాల అని పిలువబడే విద్యాసంస్థ కలిసి ఆ పని చేశాయి.

వారు తీయదలచినది సూర్యుని చుట్టూ వెన్నెలవలె వ్యాపించి ఉండే కరోనాను. కరోనాను ఫోటో తీయటంలో ఒక చిక్కు ఉన్నది. సూర్యుని అంచు దగ్గర అది ప్రకాశవంతంగా ఉంటుంది. కొంచెం దూరం పోయేసరికి కాంతి వేలవంతులు తగ్గిపోతుంది. లోపలి భాగం సరిగా పడేటట్లు తీస్తే వెలుపలి కిరణాలు పడవు. వెలుపలివి పడేటట్లు తీస్తే లోపలి భాగం తెల్లబారిపోతుంది. గోర్డన్ న్యూకర్క్ అనే శాస్త్రజ్ఞుడు దీనికి ఉపాయం కనిపెట్టి 1966లో బొలీవియాలో జరిగిన గ్రహణంలో ప్రయోగించాడు. మధ్యలో దట్టంగానూ, అంచులవైపు పోనుపోను పలచగానూ ఉండే వడపోత పలకను ఫిల్ముకు ముందు అమర్చాడు. అది లోపలి కాంతిని ఎక్కువగానూ, వెలుపలి కాంతిని తక్కువగానూ అడ్డుకుంటుంది. ఒకే ఫోటోలో కరోనా అంతా కనబడుతుంది.

ఇక్కడే నిలకడ ప్రాముఖ్యం రెట్టింపవుతుంది. వడపోత పలక నడిమి చుక్కమీదనే సూర్యబింబం నడిమి భాగం పడాలి. కెమెరా కొంచెం ఒరిగితే బొమ్మ మసకబారటమే కాదు, ఒకవైపు కరోనా ఎక్కువ తెల్లగానూ, రెండవవైపు నల్లగానూ పడి, లేని తేడా ఉన్నట్లు చూపిస్తుంది. వణికిన కెమెరా అబద్ధం చెబుతుందన్నమాట.

పాలెంలో కెమెరా అబద్ధం చెప్పలేదు. ఆ సంవత్సరం సూర్యునిమీద మచ్చలు అధికంగా ఉన్న కాలం. అటువంటప్పుడు కరోనా కిరణాలు ధ్రువాలతో సహా అన్నివైపులకూ పువ్వురేకులవలె విచ్చుకొని ఉంటాయి. మచ్చలు తక్కువైన కాలంలో అవి మధ్యరేఖ పొడవునా సాగిపోతాయి. పాలెంలో తీసిన చిత్రం మొదటిరకానికి చక్కని నిదర్శనంగా ఖగోళశాస్త్ర గ్రంథాలలో చోటుచేసుకున్నది. అందులో కరోనా క్రింద పాలెం, ఇండియా అనే పేరు అచ్చయి ఉండటం మన విద్యార్థులు తెలుసుకోదగిన విషయం.

ఆ గ్రహణానికి సరిగ్గా రెండు రోజుల ముందు, ఫిబ్రవరి 14న, అమెరికావారు సూర్యుని పరిశీలించటానికి సోలార్ మాక్సిమం మిషన్ అనే ఉపగ్రహాన్ని పంపారు. అందులో కరోనాను చూసే కెమెరా ఉన్నది. అంతరిక్షంలో గాలి లేదు, బల్ల లేదు, నడిచే మనుషులు లేరు. అయినా నిలకడ సమస్య తప్పలేదు. అదే సంవత్సరం నవంబరులో దాని గురిని స్థిరంగా ఉంచే యంత్రభాగం చెడిపోయింది. సూర్యునివైపు నిలకడగా గురిపెట్టలేక ఉపగ్రహంలోని సాధనాలలో చాలావాటికి పని లేకుండా పోయింది. చివరకు 1984 ఏప్రిలులో వ్యోమగాములు వెళ్లి అంతరిక్షంలోనే దానిని బాగుచేశారు.

బల్లమీద ఎలా నిలపాలి?

ఈ చరిత్ర నుండి మన బడిబల్లకు పనికివచ్చే పాఠాలు తీసుకుందాం. మొదటిది సరితూకం. 750 గ్రాముల కెమెరాకు 3 కిలోల కటకం తగిలించామనీ, వాటి గరిమనాభుల మధ్య దూరం 20 సెంటీమీటర్లనీ అనుకుందాం. కెమెరా అడుగున ఉన్న మరకు స్టాండు బిగిస్తే, 3 కిలోల బరువు 20 సెంటీమీటర్ల దూరాన వ్రేలాడుతుంది. బరువును దూరంతో హెచ్చవేస్తే వచ్చే 60 అనే ఈ భ్రామకం కెమెరాను ముందుకు పడదోస్తుంది. మర సందు వదులు చేస్తుంది. రెండింటి ఉమ్మడి గరిమనాభి ఎక్కడున్నది? 60ని మొత్తం బరువైన 3.75తో భాగిస్తే 16 వస్తుంది. కెమెరా నుండి 16 సెంటీమీటర్లు ముందు, అంటే కటకం క్రింద, స్టాండు బిగిస్తే భ్రామకం సున్న అవుతుంది. అందుకే బరువైన కటకాలకు చుట్టూ ఒక పట్టీ, దాని క్రింద ఒక పాదం అమర్చి ఉంటాయి. లెక్క చేయనక్కరలేకుండా కూడా ఆ చోటు తెలుసుకోవచ్చు. గుండ్రని కర్రముక్కను మెత్తని గుడ్డమీద పెట్టి, దానిపై కెమెరాను అడ్డంగా ఉంచి, చేతులు అండగా పెట్టుకొని ముందుకూ వెనుకకూ జరపండి. ఎక్కడ అటూ ఇటూ వాలదో అదే సరైన చోటు.

రెండవది ఆధారం. నల్లబల్లను నిలిపే ముక్కాలి పీటను చూడండి. మూడు కాళ్లది ఎగుడుదిగుడు నేలమీద కూడా కుదురుగా నిలుస్తుంది; నాలుగు కాళ్లది ఒక కాలు గాలిలో ఉండి కుంటుతుంది. మూడు రాళ్ల పొయ్యిమీద కుండ నిలిచే రహస్యం ఇదే. బల్లమీద పెట్టే చిన్న స్టాండు కాళ్లు వీలైనంత వెడల్పుగా తెరచి, ఎత్తు వీలైనంత తగ్గించాలి. కాళ్లలో ఒకటి కటకం చూసే దిక్కుకు ఉండాలి.

మూడవది అదురును అణచటం. స్టాండు ఎంత గట్టిదైనా కొంత స్ప్రింగువలె పనిచేస్తుంది. బరువైన కటకం పెడితే అది నెమ్మదిగా, ఎక్కువసేపు ఊగుతుంది. ఆ శక్తిని ఎక్కడైనా ఖర్చుచేయించాలి. రెండు కిలోల జొన్నలు గాని, పొడి ఇసుక గాని వదులుగా నింపిన గుడ్డసంచి ఇందుకు చాలా మంచిది. సంచి మధ్యలో పల్లంచేసి కటకాన్ని అందులో కూర్చోబెడితే, గింజలు ఒకదానితో ఒకటి రాసుకొని అదురును మ్రింగివేస్తాయి. బల్ల తేలికైనదయితే దానిపై షాబాదు బండ ముక్క ఒకటి పరచి, బండ క్రింద పాత సైకిలు ట్యూబు ముక్కలు పెట్టండి. బరువైన బండ సులభంగా కదలదు. రబ్బరు చిన్న అదురులను అడ్డుకుంటుంది.

నాలుగవది ఓపిక. ఫోటో తీసే మీటను చేతితో నొక్కగానే కెమెరా అదురుతుంది. కనుక కొంతసేపు ఆగి తనంతట తానే తీసుకునే ఏర్పాటును వాడాలి. పది సెకన్ల వ్యవధి చాలు. ఆ ఏర్పాటు లేని పాత కెమెరా అయితే, కటకానికి ముందు నల్ల అట్ట అడ్డుపెట్టి, మీట నొక్కి, అదురు తగ్గాక అట్ట తొలగించవచ్చు. కాని కొన్ని సెకన్లు పట్టే ఫోటోలకే ఇది పనికివస్తుంది. గదిలోని పంకా ఆపాలి, బల్లను ఎవరూ తాకకూడదు. మేడమీది గది కన్నా నేలమీది గది మేలు.

తరగతి గదిలో పరీక్ష

బల్ల ఎంత నిలకడగా ఉన్నదో చూపటానికి ఉపాధ్యాయులు ఒక సులభమైన పరీక్ష చేయించవచ్చు. చిన్న అద్దం ముక్కను బల్లమీద మైనంతో కదలకుండా అంటించి, దానిమీద ఎండ పడనిచ్చి, ఆ వెలుగును 5 మీటర్ల దూరపు గోడమీద పడేటట్లు చేయండి. అద్దం ఒరిగిన కోణానికి రెట్టింపు కోణంలో వెలుగు తిరుగుతుంది. బల్ల ఒక్క కళ ఒరిగినా గోడమీద వెలుగు దాదాపు 3 మిల్లీమీటర్లు జరుగుతుంది. ఒక విద్యార్థిని బల్ల ప్రక్కగా నడవమనండి, మరొకనిని మోచేయి మోపమనండి, పంకా వేయండి. ప్రతిసారీ వెలుగు ఎలా వణుకుతుందో పిల్లలే చూస్తారు. పిమ్మట అద్దాన్ని షాబాదు బండమీద పెట్టి తేడా గమనించమనండి. అద్దం నుండి వచ్చే వెలుగు ఎవరి కళ్లలోనూ పడకుండా జాగ్రత్తపడాలి.

ఫోటోలకు మొదట చంద్రుడినే ఎన్నుకోవటం మంచిది. సూర్యుని విషయంలో ఒక హెచ్చరిక తప్పనిసరి. తగిన సూర్యవడపోత లేని కెమెరాలో గాని, దూరదర్శినిలో గాని సూర్యుని చూస్తే క్షణంలో కన్ను శాశ్వతంగా చెడిపోతుంది. కెమెరా కూడా పాడవుతుంది. సంపూర్ణ గ్రహణంలో సూర్యబింబం పూర్తిగా మూసుకుపోయిన ఆ కొద్ది సమయంలో తప్ప వడపోత తీయరాదు.

భారతదేశంలో కనిపించే తరువాతి సంపూర్ణ సూర్యగ్రహణం 2034 మార్చి 20న వస్తుంది. దాని నీడ మన దేశపు ఉత్తరపు కొనన లడఖ్ ప్రాంతం మీదుగా పోతుంది. ఈలోగా గ్రహణం కోసం ఎదురుచూడకుండానే కరోనాను గమనించటానికి మన దేశం 2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుండి ఆదిత్య-ఎల్1 నౌకను పంపింది. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరాన ఉన్న ఆ నౌకలోని కెమెరా, సూర్యబింబాన్ని ఒక పలకతో మరుగుపరచి కరోనాను చూస్తుంది. సూర్యుడు ఆ పలక వెనుకనే ఉండేటట్లు నౌక సదా గురిచూస్తూ ఉండాలి. వనపర్తికి పెట్టెలు మోయించుకొని వచ్చిన రఘునాథాచారి కాలానికీ నేటికీ సాధనాలు ఎంతో మారాయి. నిలకడ లేనిదే చూపు లేదన్న నియమం మాత్రం మారలేదు. 1980లో తలుపులు మూసుకున్న ఊళ్లలోని బడులలో నేడు చదువుకుంటున్న పిల్లలు, ఒక జొన్నల సంచి, ఒక రాతిబండ, కొంచెం ఓపిక సమకూర్చుకొని రాబోయే పున్నమినాడే పని మొదలుపెట్టవచ్చు.